నాలుగో అంతస్తు దిగి ఒక్క గంట రండి

హైదరాబాద్‌లో రిజిస్టర్డ్ ఆఫీసులున్న లిస్టెడ్ కంపెనీల ఆడిట్ కమిటీ (బోర్డు తరఫున లెక్కలు చూసే కమిటీ) సభ్యులకు, ముఖ్యంగా ఆ కమిటీల్లో ఉన్న స్వతంత్ర (యాజమాన్యంతో సంబంధం లేని) డైరెక్టర్లకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

నేనెవరో మీకు తెలియదు. మీలాంటివాళ్లను మాత్రం నేను చాలా దగ్గరగా చూశాను. బాలానగర్ వైపు ఒక కంపెనీలో ముప్ఫై నాలుగేళ్లు అకౌంట్స్‌లో పనిచేసి 2022లో రిటైరయ్యాను. చివరి పద్నాలుగేళ్లూ ఆడిట్ కమిటీ మీటింగు జరిగిన ప్రతిసారీ గోడవార కుర్చీలో కూర్చుని స్లయిడ్లు తిప్పింది నేనే. ఏడాదికి నాలుగు చొప్పున లెక్కేసుకోండి, యాభై దాటాయి. అన్ని మీటింగులూ కలిపి కమిటీ నన్ను అడిగిన ప్రశ్నలు రెండే రెండు. మొదటిది, "ఏసీ కొంచెం తగ్గిస్తారా?" రెండోదాని సంగతి తర్వాత చెబుతాను.

మా కంపెనీలో బోర్డు రూము నాలుగో అంతస్తు. అకౌంట్స్ గ్రౌండ్ ఫ్లోరు, స్టోర్స్ పక్కన. మీరు లిఫ్టులో పైకి వెళ్లేవారు, లిఫ్టులో దిగి కారెక్కేవారు. మధ్యలో మా గది తలుపు ఉండేది. ఆ తలుపు తీసి లోపలికి వచ్చిన డైరెక్టరును నేను చూడలేదు. ఈ ఉత్తరం ఆ తలుపు గురించే.

ఈ ఊళ్లో లెక్కల గురించి మాట్లాడుతూ సత్యం కంప్యూటర్స్ పేరు ఎత్తకుండా ఉండలేం. 2009 జనవరి 7, బుధవారం. పొద్దున్నే మా స్టోర్స్ ఇన్‌చార్జి నా టేబుల్ దగ్గరకొచ్చి, "అన్నా, బ్యాంకులో పైసలే లేవట, నిజమేనా?" అన్నాడు. పీఎఫ్ లోను తీసి ఆ షేర్లు కొన్నాడు పాపం. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయల లోపు ముగిసింది. లెక్కల్లో మోసం చేశానని ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు గారు బోర్డుకు రాసిన ఉత్తరం మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. మేము అకౌంట్స్‌వాళ్లం దాన్ని జనం చదివినట్టు చదవలేదు. కాలిక్యులేటరు పక్కన పెట్టుకుని చదివాం.

2008 సెప్టెంబరు 30 నాటి బ్యాలెన్స్ షీటులో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లని రాసి ఉంటే అందులో 5,040 కోట్లు లేనే లేవు. లేని ఆ డబ్బు మీద రావలసిన వడ్డీ అంటూ ఇంకో 376 కోట్లు. పుస్తకాల్లోకి ఎక్కించని అప్పు 1,230 కోట్లు. వసూలు కావలసిన బాకీల్లో ఎక్కువ చేసి చూపింది 490 కోట్లు. కూడితే 7,136 కోట్లు. జనానికి గుర్తున్నది ఈ మొత్తమే. నా కన్ను మాత్రం ఇంకో అంకె మీద ఆగింది. ఆ క్వార్టరు రాబడి 2,700 కోట్లని ప్రకటించారు, నిజానికి 2,112. నిర్వహణ లాభం 649 కోట్లన్నారు, నిజానికి 61. తీసివేసి చూడండి. రాబడిలో తేడా 588, లాభంలో తేడా 588. ఆ ఒక్క క్వార్టరులో లేని నగదు పెరిగింది కూడా 588 కోట్లేనని ఆయనే రాశారు.

మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఆ మూడు అంకెలు ఒకటే కావడం చూసి ఒళ్లు జలదరించింది. అబద్ధం కూడా డబుల్ ఎంట్రీ పద్ధతిలోనే, అంటే ప్రతి లెక్కనూ రెండు చోట్ల రాసే పద్ధతిలోనే నడుస్తుంది. లేని బిల్లు రాస్తే రాబడి పెరుగుతుంది, దాని రెండో కాలు బాకీల్లో పడుతుంది. బాకీ ఎన్నాళ్లని వసూలు కాకుండా ఉంటుంది? ఎవరో అడుగుతారు. కాబట్టి వసూలైందని రాయాలి. వసూలైతే డబ్బు బ్యాంకులో కనిపించాలి. అలా తిరిగి తిరిగి దొంగ లెక్క చివరికి బ్యాంకు నిల్వలోకే వచ్చి చేరుతుంది. సీబీఐ తేల్చిన దొంగ ఇన్వాయిస్‌లు 7,561. వాటికి జతగా బ్యాంకు కాగితాలు, ఎఫ్‌డీ రసీదులు పుట్టించారు. ఇన్ని కాగితాలు పుట్టించడం ఒక్క మనిషి చేతుల్లో అయ్యే పని కాదు. ఒకరు ఎంట్రీ కొట్టాలి, ఒకరు ప్రింటు తీయాలి, ఒకరు ఫైలు చేయాలి.

2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది. ఆ జాబితాను మీలో ఎంతమంది చివరిదాకా చదివారో గానీ, నేను చదివాను. రాజు గారు, ఆయన తమ్ముళ్లిద్దరు, సీఎఫ్ఓ (ఫైనాన్స్ విభాగం అధిపతి), ఇద్దరు ఆడిటర్లు, ఇంటర్నల్ ఆడిట్ హెడ్. తర్వాత ఫైనాన్స్ విభాగంలో పనిచేసిన ముగ్గురు. వాళ్లలో ఒకరి హోదా అసిస్టెంట్ మేనేజర్. తర్వాత అప్పీళ్లు వేశారు, శిక్ష అమలు ఆగింది, ఆ సంగతి న్యాయస్థానాలకు వదిలేద్దాం. అసిస్టెంట్ మేనేజర్ అన్న రెండు మాటలు మాత్రం నన్ను చాలారోజులు నిద్రపోనివ్వలేదు. అప్పటికి నాది దానికంటే ఒక మెట్టు పైన ఉన్న హోదా.

ఆ పదిమందిలో స్వతంత్ర డైరెక్టరు ఒక్కరూ లేరు. ఉండాల్సిందని నేననడం లేదు. వాళ్లకు తెలియదనే నమ్ముతాను. నా బాధల్లా ఆ తెలియకపోవడం గురించే. ఆ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసరు ఉన్నారు, ఇక్కడి ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ ఉన్నారు, కేంద్రంలో క్యాబినెట్ సెక్రటరీగా చేసిన పెద్దమనిషి ఉన్నారు. 2008లోనే కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది, తర్వాత వెనక్కి తీసుకున్నారనుకోండి. అంతమంది చదువరులు ఉన్న బోర్డే డిసెంబరు 16న రాజు గారి కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను 1.6 బిలియన్ డాలర్లకు కొనడానికి సరేనంది. ఇన్వెస్టర్లు గగ్గోలు పెడితే గంటల్లో వెనక్కి తగ్గింది. (సత్యం పేరును ఇంగ్లిషు అక్షరాల్లో వెనక నుంచి చదివితే మేటాస్ వస్తుంది. ఇది మా ఆఫీసు బాయ్ చెబితే గానీ నాకు తట్టలేదు.) ఆ తర్వాత రెండు మూడు రోజుల్లోనే, లోపలి సంగతులు తెలిసినవాళ్లు రాసినట్టుగా ఒక ఈమెయిలు మారు పేరుతో బోర్డులోని ఒక డైరెక్టరుకు చేరిందని పత్రికల్లో వచ్చింది. అంటే లోపల ఎవరికో తెలుసు. చెప్పాలనీ ఉంది. చెప్పడానికి వాళ్లకు దొరికింది మారు పేరు ఒక్కటే.

ఇక నా సంగతి. ఇది రాయకుండా మీకు బుద్ధులు చెబితే బాగుండదు.

2011 మార్చి 31, రాత్రి పదకొండు దాటింది. మేం ఏడాది లెక్కల క్లోజింగ్‌లో ఉన్నాం. సేల్స్ హెడ్ కిందికి వచ్చి, టార్గెట్‌కు ఇంకా కొంచెం తక్కువుందన్నాడు. వెనకాలే మా సీఎఫ్ఓ ఫోను. నాలుగు లారీల పంపుసెట్లకు ఇన్వాయిస్ కొట్టాం. లారీలు గేటు దాటాయి. మేడ్చల్ రోడ్డు మీద ట్రాన్స్‌పోర్టు వాళ్ల గోడౌన్‌లో ఆగాయి. డీలరుకు ముందే ఫోన్ చేసి చెప్పారు, ఆయన సరేనన్నాడు, ఆయనకు పోయేదేముంది. ఏప్రిల్ రెండో వారంలో "సేల్స్ రిటర్న్" అని క్రెడిట్ నోట్ (అమ్మకాన్ని వెనక్కి తీసే కాగితం) కొట్టి సరుకు వెనక్కి తెచ్చుకున్నాం. ఆడిటరు తరఫున వచ్చిన ఆర్టికల్ కుర్రాడు (సీఏ చదువుతూ పని నేర్చుకునే ట్రైనీ) ఇన్వాయిస్ చూశాడు, లారీ రసీదు చూశాడు, సెక్యూరిటీ వాడి గేటు రిజిస్టరు చూశాడు, టిక్కు పెట్టాడు. టిక్కు పెట్టక ఏం చేస్తాడు? విడివిడిగా చూస్తే ఒక్క కాగితంలోనూ అబద్ధం లేదు. లారీ నిజంగానే గేటు దాటింది. మార్చి కాగితాన్నీ ఏప్రిల్ కాగితాన్నీ పక్కపక్కన పెట్టినప్పుడే అబద్ధం బయటపడుతుంది. అలా పెట్టి చూపించగలిగినవాణ్ని నేను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ ఎంట్రీ పాస్ చేసింది నేనే. లాగిన్ నాది, మాట ఆయనది. అప్పుడు అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, కూకట్‌పల్లి ఫ్లాటుకు ఇంకా పదకొండేళ్ల ఈఎంఐ. ఇవి సాకులేనని నాకు తెలుసు. అయినా మీ కంపెనీ అకౌంట్స్ గదిలో ఇప్పుడు కూర్చున్నవాడి పరిస్థితీ ఇదేనని మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

పాతబస్తీలో కందికల్ గేటు దగ్గర చిత్రగుప్తుడి గుడి ఉంది. దీపావళి వెళ్లిన రెండో రోజున, యమద్వితీయ నాడు, చిత్రగుప్తుడికి కలం పెట్టి పూజ చేయించుకునే ఆచారం ఉంది. ఆ ఏడాది నేనూ వెళ్లాను. పూజారి నా పెన్ను దేవుడి దగ్గర పెట్టి తిరిగి చేతికిస్తుంటే చెయ్యి చాచడానికి సిగ్గేసింది. ఇది మా ఆవిడకు కూడా ఇప్పటిదాకా చెప్పలేదు, ఈ ఉత్తరం చదివి తెలుసుకుంటుంది.

2011, 12, 13, 14, నాలుగేళ్లు ఇలాగే నడిచింది. లారీలు పెరిగాయి. ఒక ఏడు ముందుకు లాగిన అమ్మకం మరుసటి ఏడు గోతి అవుతుంది, దాన్ని పూడ్చడానికి ఇంకాస్త లాగాలి. పులి మీద స్వారీ చేస్తున్నట్టుండేది, తినేయకుండా దిగడం ఎలాగో తెలియలేదని రాజు గారు రాసింది అందుకే. మాది పులి కాదు, పిల్లి అనుకోండి. దిగడం మాత్రం అంతే కష్టం.

2014 మే మీటింగులో వచ్చింది నేను చెప్పిన ఆ రెండో ప్రశ్న. కొత్తగా వచ్చిన స్వతంత్ర డైరెక్టరు ఒకాయన, రిటైరైన బ్యాంకు అధికారి. స్లయిడ్లన్నీ అయిపోయాక కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఎండీ వైపు కాదు, గోడవార ఉన్న నా వైపు తిరిగి అడిగాడు. "ఏప్రిల్లో వేసిన క్రెడిట్ నోట్ల లిస్టు ఉందా బాబూ?" ఎండీ సీఎఫ్ఓను చూశాడు, సీఎఫ్ఓ నన్ను చూశాడు. నేను "ఉంది సార్" అన్నాను. "తర్వాత పంపిస్తాం సార్" అని సీఎఫ్ఓ అందుకున్నాడు. లిస్టు నేనే తీసిచ్చాను. ఆయనకు చేరేసరికి అందులో ఎన్ని వరుసలు మిగిలాయో నాకు తెలియదు. ఆ పదవీకాలం అయ్యాక ఆయన్ను మళ్లీ తీసుకోలేదు.

కానీ ఆ మరుసటి మార్చి 31 రాత్రి మా గేటు నుంచి ఒక్క లారీ కూడా అనవసరంగా కదల్లేదు. సేల్స్ హెడ్ కిందికి రాలేదు. మేం తొమ్మిదిన్నరకే ఇంటికి వెళ్లిపోయాం. ఒక్క ప్రశ్న, అది కూడా పూర్తి జవాబు రాని ప్రశ్న, అంత పని చేసింది.

సత్యం తర్వాత చట్టం చాలా మారింది. అది మీకు నాకంటే బాగా తెలుసు. 2013 కంపెనీల చట్టం వచ్చింది, ఆడిట్ సంస్థకు ఐదేళ్ల చొప్పున రెండు దఫాలే అన్నారు, మోసం కనిపిస్తే ఆడిటరే ప్రభుత్వానికి చెప్పాలన్నారు, 2018 అక్టోబరులో ఆడిటర్ల పనిని పర్యవేక్షించే సంస్థ ఎన్ఎఫ్ఆర్ఏ వచ్చింది. స్వతంత్ర డైరెక్టరుగా రావాలంటే చాలామందికి పరీక్ష కూడా పెట్టారు. మంచిదే. 149వ సెక్షన్‌లో పన్నెండో సబ్ సెక్షన్ ఉంది చూడండి, తనకు తెలిసి జరిగినదానికే కాదు, శ్రద్ధ పెట్టకపోవడం వల్ల జరిగినదానికీ స్వతంత్ర డైరెక్టరు బాధ్యుడని. దాన్ని మీ లాయర్లు మీకు భయం పుట్టేలా చదివి వినిపించి ఉంటారు. భయపడి మీరు చేసిందేమిటంటే డైరెక్టర్ల ఇన్సూరెన్సు పాలసీ మొత్తం పెంచమన్నారు. ఇది కోపంతో అనడం లేదు, ఆ పాలసీ ప్రీమియం ఎంట్రీ వేసింది కూడా నేనే కాబట్టి అంటున్నాను.

2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రెయిల్ తప్పనిసరి. ఏ ఎంట్రీని ఎవరు, ఎప్పుడు మార్చారో సాఫ్ట్‌వేర్ రాసి పెట్టుకుంటుంది, దాన్ని ఆపడానికి వీల్లేదు. చాలామంది డైరెక్టర్లు దీనితో నిశ్చింతగా ఉన్నారని విన్నాను. అయ్యా, ఆ ట్రెయిల్‌లో బటన్ నొక్కినవాడి పేరుంటుంది. నొక్కమన్నవాడి పేరుండదు. రేపు ఏదైనా జరిగితే దొరికేది ఇరవై ఆరేళ్ల పిల్ల. ఎంకామ్ చదివి, కరీంనగర్ నుంచో ఖమ్మం నుంచో వచ్చి, అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ మీ కంపెనీలో ఎంట్రీలు కొట్టే పిల్ల. ఫోనులో వచ్చిన మాటకు ట్రెయిల్ లేదు. ఆ మాటను ఆ పిల్ల నోట వినే హక్కు, అవకాశం కంపెనీలో మీకొక్కరికే ఉన్నాయి.

చెప్పుకోవడానికి విజిల్ మెకానిజం, అంటే లోపలివాళ్లు తప్పుల మీద ఫిర్యాదు చేసే ఏర్పాటు, ఉంది కదా అంటారు. ఉంది. చట్టం ప్రకారం ఆడిట్ కమిటీ చైర్మన్‌ను నేరుగా కలిసే దారి కూడా ఉండాలి. మా కంపెనీలో ఆ పాలసీ పదకొండు పేజీల పీడీఎఫ్, వెబ్‌సైటులో అట్టడుగున ఉండేది. అందులో ఇచ్చిన ఈమెయిలు కంపెనీ సెక్రటరీ గారి కంప్యూటరులో తెరుచుకునేది. ఆయన గది సీఎఫ్ఓ గది పక్కనే. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే క్యారియరు పంచుకునేవాళ్లు. ఏటా వార్షిక నివేదికలో "ఈ సంవత్సరం ఎలాంటి ఫిర్యాదూ రాలేదు" అని గొప్పగా రాసేవాళ్లం. ఒక పోలీస్ స్టేషనులో ఏడాదంతా ఒక్క కేసూ నమోదు కాలేదంటే ఊళ్లో దొంగతనాలే లేవని మీరు అనుకుంటారా?

ఆడిటర్లు ఉన్నారు కదా అన్నది రెండో మాట. వాళ్లనూ తక్కువ చేయను, ఎంతో నిజాయితీగా పనిచేసేవాళ్లను రెడ్ హిల్స్‌లోని చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ సెమినార్లలో ఎందరినో కలిశాను. కానీ ఏప్రిల్, మే ఎండల్లో మా గదికి వచ్చేది పార్ట్‌నరు కాదు, ఇరవై ఒక్కేళ్ల ఆర్టికల్ పిల్లలు. మేమిచ్చింది చూస్తారు. ఒక ఉదాహరణ చెబుతాను. బ్యాంకు నిల్వ ఎంతో బ్యాంకు నుంచి నేరుగా ఆడిటరు తెప్పించుకోవాలి. ఉత్తరం వెళ్లడం, జవాబు రావడం, రెండూ ఆడిటరు చేతిలోనే ఉండాలని ఆడిటింగ్ ప్రమాణం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎలా జరిగేదో చెప్పనా? ఉత్తరం మేమే టైపు చేసేవాళ్లం. మేమే బ్రాంచికి తీసుకెళ్లేవాళ్లం. స్కూటరు మీద వెళ్లి జవాబు మేమే తెచ్చి ఆడిటరు చేతిలో పెట్టేవాళ్లం. దానిలో దురుద్దేశమేమీ లేదు, అందరికీ పని తొందరగా అయ్యేదంతే. సత్యంలో 5,040 కోట్లు జారిపోయింది ఈ సందులోంచే. నగదు నిల్వల నిర్ధారణను ఆడిటర్లు కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా నియంత్రణ సంస్థలు తేల్చి, 2011లో సత్యం లెక్కలు ఆడిట్ చేసిన ప్రైస్ వాటర్‌హౌస్ భారత విభాగాల మీద 7.5 మిలియన్ డాలర్ల జరిమానా వేశాయి. మీ కంపెనీలో ఈ ఏడాది బ్యాంకు జవాబు ఎవరి ఈమెయిలుకు వచ్చింది? మీకు తెలుసా? మా గదిలో అందరికీ తెలుసు.

ఇంకొకటి కూడా చెబుతాను, ఇది ఏ పుస్తకంలోనూ పెద్దక్షరాల్లో ఉండదు. ఎఫ్‌డీ ఉంటే వడ్డీ ఉంటుంది. వడ్డీ ఉంటే బ్యాంకు అందులోంచి పన్ను ముందే, టీడీఎస్ పేరుతో, కోస్తుంది. కోసిన టీడీఎస్ కంపెనీ పాన్ మీద 26ఏఎస్‌లో కనిపిస్తుంది. అది ఆదాయపు పన్ను శాఖ కాగితం, మా ప్రింటరులో పుట్టేది కాదు. బ్యాలెన్స్ షీటులో ఎఫ్‌డీలు, లాభనష్టాల ఖాతాలో వడ్డీ, 26ఏఎస్‌లో టీడీఎస్, మూడూ ఒక కాగితం మీద పెట్టమని అడగండి. మీ కంపెనీలో ట్యాక్స్ పని చూసే కుర్రాడు అరగంటలో పెట్టేస్తాడు. అలాగే బ్యాంకులో వందల కోట్లున్నాయని చూపిస్తూనే, అదే క్వార్టరులో వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపార ఖర్చులు) కోసం పన్నెండు శాతానికి అప్పు ఎందుకు తెస్తున్నారని అడగండి. గాదె నిండా ధాన్యం ఉన్న ఇల్లాలు చేటెడు బియ్యానికి పక్కింటికి వెళ్తుందా? ఒక్కోసారి సరైన కారణమే ఉండొచ్చు, డబ్బు ఏదో గ్యారంటీకి తాకట్టులో ఉండొచ్చు. ఉంటే చెబుతారు. చెప్పేటప్పుడు వాళ్ల ముఖం చూడండి.

లారీల కథ పాతదైపోయిందనుకోకండి. ఇప్పుడు సరుకు రవాణాకు, బిల్లుకు ఆన్‌లైన్‌లో నమోదయ్యే ఈ-వే బిల్లు, ఈ-ఇన్వాయిస్ వచ్చాయి కాబట్టి మేడ్చల్ గోడౌన్ దగ్గర ఆగడం కుదరదు. లారీ నిజంగానే డీలరు దాకా వెళ్తుంది. సరుకు అక్కడే ఉంటుంది, కదలదు. ఆ గోడౌన్ అద్దె కంపెనీయే కడుతుంది, "మార్కెటింగ్ సపోర్టు" అన్న పద్దులో. నేను మానేసే నాటికి ఇలా ఉండేది. ఇప్పుడు ఇంకో పేరు పెట్టి ఉంటారు. ఆ పేరేమిటో నేను చెప్పలేను. కింద గదిలో కూర్చున్నవాళ్లు చెప్పగలరు.

కాబట్టి నేను అడిగేది చాలా చిన్న పని. ప్రతి క్వార్టరు లెక్కల మీద సంతకం పెట్టేముందు, మీరొక్కరే, ఎండీ, సీఎఫ్ఓ, కంపెనీ సెక్రటరీ ఎవరూ లేకుండా, అకౌంట్స్ గదిలో ఒక గంట కూర్చోండి. ఏడాదికి ఒక్కసారైనా స్వతంత్ర డైరెక్టర్లు మాత్రమే విడిగా కలవాలని చట్టంలోని నాలుగో షెడ్యూలు చెబుతోంది. మా దగ్గర అది బోర్డు మీటింగుకు ముందు పది నిమిషాల్లో, బిస్కెట్ల ప్లేటు ఖాళీ అయ్యేలోపు అయిపోయేది. ఆ మీటింగునే మా గదిలో పెట్టండి.

దీనికి అభ్యంతరాలు వస్తాయి. "పైవాళ్లను దాటి కిందివాళ్లతో మాట్లాడితే క్రమశిక్షణ పోతుంది" అంటారు. మా ఎండీ అయితే "పుకార్లు పుడతాయి" అనేవాడు. ఒక డైరెక్టరు ఒక గదిలోకి వెళ్తే పుకార్లు పుట్టే కంపెనీ అయితే అదే ఒక సమాధానం. ఒక్క అభ్యంతరం మాత్రం నిజమైనది, దాన్ని దాటేయను. మీరు వెళ్లిపోయాక, మీతో మాట్లాడినవాడి గతేమిటి? ఇంక్రిమెంటు ఆపుతారు. డిపోకు బదిలీ చేస్తారు. ఏ తప్పూ దొరక్కపోతే టైముకు రాలేదంటారు. ఇది నేను కళ్లారా చూశాను. అందుకే ఒక్కరితో మాట్లాడకండి, గదిలో ఉన్న ప్రతి ఒక్కరితో మాట్లాడండి, తలా ఐదు నిమిషాలు. క్రెడిట్ నోట్ల గురించి అందరినీ అడగండి, అప్పుడు ఎవరు చెప్పారో తెలియదు. ప్రతి క్వార్టరూ వెళ్లండి, ఏదో అనుమానం వచ్చినప్పుడే వెళ్తే వెళ్లడమే ఒక నేరారోపణ అయిపోతుంది. అకౌంట్స్‌లో ఎవరిని తీసేసినా, బదిలీ చేసినా ఆడిట్ కమిటీకి కారణం రాసి చూపాలని ఒక తీర్మానం చేయండి. అది మీ అధికారంలో ఉన్న పనే.

మీ టైము విలువైనదని నాకు తెలుసు. మీటింగుకు ఇవ్వదగ్గ ఫీజు లక్ష రూపాయలు మించకూడదని రూలు. మా కంపెనీలో ఎంత ఇచ్చేవాళ్లో నాకు గుర్తుంది గానీ రాయను. మా గదిలో ప్రింటయ్యే ఆ మూడువందల పేజీల ఎజెండా, మీటింగుకు ముందురోజు రాత్రి పదిగంటలకు మీ ఈమెయిలుకు వచ్చేది, దాన్ని తయారుచేసిన పిల్లలకు ఆ నెలలో ఓవర్‌టైమ్ కూడా లేదు. వాళ్లకు ఆ పేజీల్లో ఏది నిజమో, ఏది నిన్న రాత్రి మారిందో తెలుసు. నూట నలభై రెండో పేజీలో ఫుట్‌నోటు ఎందుకు చిన్నక్షరాల్లో ఉందో తెలుసు. అడిగితే చెప్పడానికి పెద్ద ధైర్యం కూడా అక్కర్లేదు వాళ్లకు, అడిగినవాడు నిజంగా వినడానికే వచ్చాడని నమ్మకం కలిగితే చాలు. ఆ బ్యాంకు అధికారి నన్ను "బాబూ" అని పిలిచినప్పుడు నాకు కలిగింది ఆ నమ్మకమే. ఆయన ఇంకో రెండు నిమిషాలు నన్ను పక్కకు పిలిచి ఉంటే మొత్తం చెప్పేసేవాణ్ని. పిలవలేదు. నేను లిఫ్టు దాకా ఆయన వెనకే నడిచాను, పక్కన సీఎఫ్ఓ ఉన్నాడు, ఆగిపోయాను.

డిసెంబరు క్వార్టరు ఫలితాలకు గడువు ఫిబ్రవరి 14. జనవరి నెలాఖరులో మీకు ఎజెండా వస్తుంది. అంతకు ముందే ఒక రోజు, చెప్పకుండా వెళ్లండి. సాయంత్రం నాలుగింటికి మా గదుల్లోకి టీ వస్తుంది, అప్పుడైతే అందరూ సీట్లలో ఉంటారు. మూలన ప్రింటరు పక్కన ఒకరు కూర్చుని ఉంటారు, టేబుల్ మీద బ్యాంకు స్టేట్‌మెంట్లు, పక్కన పసుపు స్లిప్పులు. రీకన్సిలియేషన్, అంటే మన పుస్తకాలనూ బ్యాంకు లెక్కనూ సరిపోల్చే పని, ఆ మనిషిదే. ముందు అక్కడ కూర్చోండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అకౌంట్స్ మేనేజర్,
కూకట్‌పల్లి, హైదరాబాద్